పాత కంప్యూటర్‌కు కొత్త ర్యామ్: దానం ఇచ్చే ముందు తెలుసుకోవలసిన విషయాలు

చాలా ఇళ్లలో, దుకాణాల్లో, ఆఫీసుల్లో ఒక మూలన పాత కంప్యూటర్ ఉంటుంది. స్విచ్ వేస్తే ఆన్ అవుతుంది. కానీ తెర మీద అన్నీ కుదురుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఇంటర్నెట్ తెరిస్తే మరో రెండు నిమిషాలు. విసుగొచ్చి కొత్తది కొంటాం. పాతదాన్ని ఏ పేద విద్యార్థికో, ట్యూషన్ కేంద్రానికో, హాస్టల్‌కో ఇచ్చేస్తే నలుగురికి ఉపయోగపడుతుందని అనుకుంటాం. ఆ ఆలోచన మంచిదే.

అయితే మన దగ్గర నెమ్మదిగా నడిచిన కంప్యూటర్ ఇంకో చోటికి వెళ్లినంత మాత్రాన వేగం పుంజుకోదు. ఈపాస్‌లోనో, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనో దరఖాస్తు నింపడానికి ఒక అమ్మాయి ఆ కంప్యూటర్ ముందు కూర్చుందనుకోండి. ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళ్లేలోపే లాగిన్ గడువు అయిపోతుంది. మళ్లీ మొదటి నుంచి నింపాలి. అది ఆఖరి తేదీ అయితే ఆ ఏడాది స్కాలర్‌షిప్పే పోవచ్చు. రెండు మూడు సార్లు ఇలా జరిగాక ఆ కంప్యూటర్ దగ్గరికి ఎవరూ వెళ్లరు. దాత మనసు మంచిదే, వస్తువూ పనిచేసేదే. అయినా దానం అక్కరకు రాకుండా పోతుంది.

ఇలాంటి కంప్యూటర్లలో చాలావాటికి రోగం ఒకటే. ర్యామ్ తక్కువగా ఉండటం. అరచేతిలో పట్టే ఒక చిన్న స్టిక్‌తో అది నయమవుతుంది. కాకపోతే అది సరైన స్టిక్ అయ్యుండాలి, సరైన కంప్యూటర్‌లో వేయాలి. లేకపోతే డబ్బు దండగ. ఏ కంప్యూటర్‌కు ర్యామ్ పెంచాలి, ఎంత పెంచాలి, ఎలా పెంచాలి, దేనికి పెంచకూడదు అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

ర్యామ్ చేసే పని

బట్టల దుకాణాన్ని ఊహించుకోండి. వెనక గోడౌన్‌లో వందల తానులు ఉంటాయి. ముందు కౌంటర్ మీద మాత్రం ఆ సమయానికి కస్టమర్ అడిగినవే పరుస్తారు. కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ గోడౌన్ లాంటిది. ర్యామ్ కౌంటర్ లాంటిది. మనం తెరిచిన ప్రతి ప్రోగ్రామూ, ప్రతి వెబ్ పేజీ, ప్రతి ఫోటో హార్డ్ డిస్క్ నుంచో ఇంటర్నెట్ నుంచో ముందుగా ర్యామ్‌లోకి రావాలి. అప్పుడే ప్రాసెసర్ దానితో పని చేయగలదు.

కౌంటర్ నిండిపోతే ఏం చేస్తారు? పరిచిన వాటిలో కొన్నింటిని మడిచి గోడౌన్‌కు పంపి, కొత్తవి తెస్తారు. వాటినే మళ్లీ అడిగితే మళ్లీ పరుగు. కంప్యూటర్ కూడా ఇదే చేస్తుంది. ర్యామ్ నిండినప్పుడు విండోస్ అందులోని కొంత సమాచారాన్ని హార్డ్ డిస్క్‌లోని పేజ్ ఫైల్ అనే చోటికి తరలిస్తుంది. అవసరమైనప్పుడు వెనక్కి తెస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. ర్యామ్ నుంచి సమాచారం అందడానికి సుమారు 100 నానో సెకండ్లు చాలు. పాతకాలం హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, దాని మీది సూది సరైన చోటికి జరగాలి. అందుకు సుమారు 10 మిల్లీ సెకండ్లు పడుతుంది. రెంటికీ మధ్య తేడా లక్ష రెట్లు. కౌంటర్ మీది తాను అందుకోవడానికి ఒక సెకండు పడితే, గోడౌన్ నుంచి తేవడానికి ఒక రోజు దాటుతుందన్నమాట. కంప్యూటర్ ముందు భాగంలో ఎర్ర లైటు ఆగకుండా మిణుకుమిణుకుమంటూ, మౌస్ కదలక, మనం చూస్తూ కూర్చునే సమయంలో లోపల జరుగుతున్నది ఈ పరుగే.

ర్యామ్‌కు ఇంకో లక్షణం ఉంది. కరెంటు పోతే అందులోని సమాచారమంతా చెరిగిపోతుంది. ఐబీఎంలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్ 1960ల్లో కనిపెట్టిన పద్ధతే నేటికీ మన కంప్యూటర్లలో ఉంది. ఆ పద్ధతికి 1968లో పేటెంట్ లభించింది. ఒక్కో బిట్‌కు ఒక ట్రాన్సిస్టర్, ఒక చిన్న కెపాసిటర్ ఉంటాయి. కెపాసిటర్‌లోని విద్యుత్తు కారిపోతూ ఉంటుంది కాబట్టి సాధారణంగా ప్రతి 64 మిల్లీ సెకండ్లలోపు దాన్ని తిరిగి నింపుతూ ఉంటారు. అందుకే ర్యామ్ మార్చినా మన ఫైళ్లకు ఏమీ కాదు. ఫైళ్లు ఉండేది హార్డ్ డిస్క్‌లో. ర్యామ్ తీస్తే ఫోటోలు పోతాయేమోనని భయపడనక్కర్లేదు.

నెమ్మదికి కారణం ర్యామేనా?

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలి. అందుకు ఐదు నిమిషాల పరీక్ష చాలు.

కంప్యూటర్ ఆన్ చేసి, రోజూ వాడే ప్రోగ్రాములన్నీ తెరవండి. బ్రౌజర్‌లో నాలుగైదు పేజీలు కూడా తెరవండి. తరువాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. విండోస్ 8 నుంచి అందులో మెమరీ, డిస్క్ ఎంత శాతం వాడకంలో ఉన్నాయో పక్కపక్కనే కనబడుతుంది.

మెమరీ 85 లేదా 90 శాతం దాటి, డిస్క్ కూడా 100 శాతం దగ్గర ఉంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. డిస్క్ అంతగా శ్రమ పడటానికి కారణం ముందు చెప్పిన పరుగే. ముందుగా ర్యామ్ పెంచాలి.

మెమరీ సగమే నిండి ఉండి, డిస్క్ మాత్రం 100 శాతం చూపిస్తుంటే లోపం హార్డ్ డిస్క్‌లో ఉంది. ఇక్కడ ర్యామ్ ఎంత పోసినా లాభం లేదు. హార్డ్ డిస్క్ స్థానంలో ఎస్ఎస్‌డీ వేయించాలి.

రెండూ తక్కువగా ఉన్నా కంప్యూటర్ నెమ్మదిగా ఉంటే ప్రాసెసర్ శాతం చూడండి. వైరస్, అనవసరంగా మొదలయ్యే ప్రోగ్రాములు, ఫ్యానులో పేరుకున్న దుమ్ము, దాని వల్ల పుట్టే వేడి కారణాలు కావచ్చు. వీటికి కావలసింది శుభ్రం చేయడం. కొనడం తరువాత మాట.

ఏ ర్యామ్ పడుతుంది?

ర్యామ్‌లన్నీ ఒకటి కావు. తరాలు ఉన్నాయి. డీడీఆర్, డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5. ఒక తరం స్టిక్ ఇంకో తరం స్లాట్‌లో పట్టదు. స్టిక్ అడుగున ఉండే గాడి ఒక్కో తరానికి ఒక్కో చోట ఉంటుంది. తప్పు స్టిక్ దిగకుండా కావాలనే అలా చేశారు. దిగడం లేదని బలంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది.

డెస్క్‌టాప్ స్టిక్‌ల సంగతి చూద్దాం. మొదటి తరం డీడీఆర్‌కు 184 పిన్నులు. 2.5 వోల్టులతో పనిచేస్తుంది. డీడీఆర్2కు 240 పిన్నులు, 1.8 వోల్టులు. డీడీఆర్3కు కూడా 240 పిన్నులే, కానీ గాడి వేరు, 1.5 వోల్టులు. డీడీఆర్4కు 288 పిన్నులు, 1.2 వోల్టులు. డీడీఆర్5కు 288 పిన్నులు, 1.1 వోల్టులు.

ల్యాప్‌టాప్ స్టిక్‌లు పొడవులో దాదాపు సగమే ఉంటాయి. వాటిని సోడిమ్ అంటారు. డీడీఆర్3కు 204 పిన్నులు, డీడీఆర్4కు 260 పిన్నులు. డీడీఆర్3లోనే 1.35 వోల్టులతో నడిచే డీడీఆర్3ఎల్ అనే రకం ఉంది. 2013 తరువాతి ల్యాప్‌టాప్‌లు చాలావరకు దీన్నే కోరతాయి. డీడీఆర్3ఎల్ స్టిక్ 1.5 వోల్టుల దగ్గర కూడా పనిచేస్తుంది. కాబట్టి అనుమానం ఉన్నప్పుడు ల్యాప్‌టాప్‌కు డీడీఆర్3ఎల్ అడగడమే క్షేమం.

స్టిక్ మీద వేగం కూడా రాసి ఉంటుంది. 1333, 1600, 2400, 2666, 3200 లాంటి అంకెలు కనిపిస్తాయి. కొన్నింటి మీద పీసీ3-10600 అనో, పీసీ3-12800 అనో ఉంటుంది. మొదటిది 1333, రెండోది 1600. తరం ఒకటే అయితే వేగాల్లో తేడా ఉన్నా సాధారణంగా కలిసి పనిచేస్తాయి. కాకపోతే అన్నీ నెమ్మదైన దాని వేగంతోనే నడుస్తాయి. కాబట్టి పాత కంప్యూటర్ కోసం ఎక్కువ వేగం స్టిక్‌కు ఎక్కువ ధర పెట్టడంలో అర్థం లేదు.

ఇవన్నీ కంప్యూటర్ విప్పకుండానే తెలుసుకోవచ్చు. విండోస్ 10లో టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ భాగంలో మెమరీ మీద నొక్కితే మొత్తం ర్యామ్, వేగం, ఉన్న స్లాట్లలో ఎన్ని నిండాయో కనబడతాయి. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తరం పేరు, ఒక్కో స్లాట్‌లోని స్టిక్ వివరాలు, మదర్‌బోర్డ్ మోడల్ కూడా చూపుతుంది. ఆ మోడల్ నంబరుతో తయారీదారు వెబ్‌సైట్‌లో వెతికితే ఆ బోర్డు గరిష్ఠంగా ఎంత ర్యామ్ తీసుకుంటుందో తెలుస్తుంది.

కొన్ని సన్నని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసి ఉంచుతారు. వాటికి స్లాట్ ఉండదు, పెంచే వీలు లేదు. ల్యాప్‌టాప్ దానం ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ ఈ సంగతి ముందే చూసుకోవాలి.

32 బిట్ అనే అడ్డుగోడ

చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్ వేయిస్తారు. ఆన్ చేసి చూస్తే విండోస్ మూడు జీబీ చిల్లరే వాడుకుంటోందని చూపిస్తుంది. దుకాణదారుడు మోసం చేశాడని గొడవ పడతారు. తప్పు స్టిక్‌లో లేదు, విండోస్ రకంలో ఉంది.

ర్యామ్‌లోని ప్రతి బైట్‌కు ఇంటి నంబరు లాంటి ఒక చిరునామా ఉంటుంది. 32 బిట్ విండోస్ ఇవ్వగలిగిన చిరునామాలు 429 కోట్ల 49 లక్షల పైచిలుకు మాత్రమే. అంటే 4 జీబీ. అందులో కొన్ని గ్రాఫిక్స్‌కు, ఇతర పరికరాలకు పోతాయి. మిగిలేది 3 నుంచి 3.5 జీబీ. ఆపైన ఎంత ర్యామ్ వేసినా ఆ విండోస్‌కు అది కనబడనట్టే.

సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే చోట, అబౌట్ పేజీలో మీది 32 బిట్టో 64 బిట్టో రాసి ఉంటుంది. 32 అయితే, ప్రాసెసర్ 64 బిట్‌కు సరిపోయేదై ఉంటే, 64 బిట్ విండోస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలి. ఉన్నదాని మీదే మార్చడం కుదరదు. హార్డ్ డిస్క్‌లోని ఫైళ్లను ముందుగా వేరే చోట భద్రపరచాలి. కోర్ 2 డ్యుయో నుంచి వచ్చిన ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లన్నీ 64 బిట్‌వే. కాబట్టి ప్రాసెసర్ అడ్డు రావడం అరుదు.

ఎంత ర్యామ్ కావాలి?

ఆ కంప్యూటర్‌తో చేయబోయే పనిని బట్టి ఉంటుంది. తెలుగులోనో ఉర్దూలోనో టైపింగ్, లెక్కల పట్టికలు, ఒకటి రెండు వెబ్ పేజీలు అయితే 4 జీబీతో నెట్టుకురావచ్చు. ఆన్‌లైన్ క్లాసు వింటూ పక్కన నోట్సు రాసుకోవాలన్నా, బ్రౌజర్‌లో పది పేజీలు తెరవాలన్నా 8 జీబీ ఉండాలి. ఈ రోజుల్లో విద్యార్థికి ఇచ్చే కంప్యూటర్‌లో 8 జీబీ ఉంటే ఇబ్బంది లేకుండా చదువుకోగలడు. ఫోటోషాప్, వీడియో ఎడిటింగ్ నేర్పే చోట 16 జీబీ ఉపయోగపడుతుంది. పాత ప్రాసెసర్‌కు అంతకు మించి వేయడం, సైకిల్‌కు లారీ టైరు కట్టినట్టే.

రెండు స్లాట్లు ఉన్న కంప్యూటర్‌లో ఒక 8 జీబీ స్టిక్ కంటే రెండు 4 జీబీ స్టిక్‌లు మేలు. ప్రాసెసర్ రెంటితోనూ ఒకేసారి మాట్లాడగలదు. దీన్ని డ్యూయల్ ఛానెల్ అంటారు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లు ఉన్న ర్యామ్‌లోంచే తెర కోసం కొంత వాటా తీసుకుంటాయి కాబట్టి వాటిలో ఈ తేడా బాగా తెలుస్తుంది.

ఒక ఉదాహరణ

2011 నుంచి కొన్నేళ్లపాటు మన దగ్గర అసెంబుల్ చేసిన డెస్క్‌టాప్‌లలో ఇంటెల్ హెచ్61 చిప్‌సెట్ ఉన్న బోర్డులు ఎక్కువగా కనిపిస్తాయి. రెండో తరం లేదా మూడో తరం ఐ3 ప్రాసెసర్, ఒకే ఒక 2 జీబీ డీడీఆర్3 స్టిక్, 500 జీబీ హార్డ్ డిస్క్, 32 బిట్ విండోస్ 7. దుకాణాల్లో బిల్లింగ్‌కు వాడి పక్కన పెట్టినవి చాలావరకు ఈ రకమే.

ఈ బోర్డుకు రెండు స్లాట్లు ఉంటాయి. గరిష్ఠంగా 16 జీబీ తీసుకుంటుంది. పాత 2 జీబీ స్టిక్ తీసి రెండు 4 జీబీ స్టిక్‌లు వేస్తే 8 జీబీ అవుతుంది. 1600 వేగం స్టిక్ తెచ్చినా రెండో తరం ప్రాసెసర్‌తో 1333 దగ్గరే నడుస్తుంది. దానివల్ల నష్టమేమీ లేదు. కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్ మార్చనక్కర్లేదు, ఎందుకంటే ఒక స్టిక్ వాడేది కొన్ని వాట్లే. హార్డ్ డిస్క్ బదులు 240 జీబీ ఎస్ఎస్‌డీ కూడా వేసి, 64 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తే, ఆన్ అవడానికి నిమిషాలు తీసుకున్న యంత్రం సెకండ్లలో సిద్ధమవుతుంది.

ఇప్పుడు ఒక శిక్షణ కేంద్రానికి ఇలాంటివి పది వచ్చాయనుకుందాం. ఒక్కోదానిలో ఒక్కో 2 జీబీ స్టిక్ ఉంది. పది 4 జీబీ స్టిక్‌లు కొనడానికి సరిపడా విరాళం అందింది. ఒక్కోదానికి ఒకటి చొప్పున పంచితే పదీ 6 జీబీవి అవుతాయి. అలా కాకుండా ఐదింటిలో రెండేసి 4 జీబీ స్టిక్‌లు వేసి, వాటిలోంచి తీసిన 2 జీబీ స్టిక్‌లను మిగిలిన ఐదింటికి కలిపితే, ఐదు 8 జీబీవి, ఐదు 4 జీబీవి అవుతాయి. ఖర్చు ఒకటే, మొత్తం ర్యామ్ కూడా 60 జీబీయే. టైపింగ్ నేర్చుకునేవారికి 4 జీబీవి, డిజైనింగ్, ఆన్‌లైన్ క్లాసుల వారికి 8 జీబీవి కేటాయించవచ్చు. అన్నిటికీ జత స్టిక్‌లే కాబట్టి డ్యూయల్ ఛానెల్ లాభమూ దక్కుతుంది. తీసేసిన స్టిక్‌ను డ్రాయర్‌లో పడేయకపోతే అది ఇంకో కంప్యూటర్‌ను నిలబెడుతుంది.

కొనేటప్పుడు

పాత స్టిక్‌ను వెంట తీసుకెళ్లండి. దాన్ని చూపించి అడిగితే పొరపాటుకు తావుండదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ మార్కెట్లలో కొత్తవీ, వాడినవీ రెండూ దొరుకుతాయి. డీడీఆర్3 స్టిక్‌లు వాడినవి తీసుకున్నా ఫరవాలేదు. ర్యామ్‌లో తిరిగే భాగాలు లేవు కాబట్టి హార్డ్ డిస్క్‌లా అరిగిపోదు. కానీ బిల్లు, పనిచేయకపోతే మార్చి ఇస్తామనే మాట రెండూ తీసుకోండి.

చవకగా వస్తోందని ఏది పడితే అది కొనకండి. కొన్ని స్టిక్‌లు ఏఎండీ బోర్డులలో మాత్రమే పనిచేస్తాయి. ఇంటెల్ జీ41 చిప్‌సెట్ ఉన్న పాత బోర్డులకు ఇంకో పట్టింపు ఉంది. 4 జీబీ డీడీఆర్3 స్టిక్ అయితే రెండు వైపులా ఎనిమిదేసి చొప్పున 16 చిప్‌లు ఉన్నదే తీసుకుంటాయి. ఎనిమిది చిప్‌లే ఉన్న స్టిక్ వేస్తే సరిగా పనిచేయవు. మదర్‌బోర్డ్ మోడల్ చెప్పి కొనడం ఇందుకే అవసరం.

బిగించే పద్ధతి

చిన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఉంటే పది నిమిషాల పని.

1. కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, వెనక పవర్ కేబుల్ తీసేయండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్, బ్యాటరీ రెండూ తీయాలి. బ్యాటరీ లోపల బిగించి ఉంటే ఆ పని మెకానిక్‌కు వదిలేయడం మంచిది.

2. కేబుల్ తీశాక పవర్ బటన్‌ను ఐదారు సెకండ్లు నొక్కి ఉంచండి. లోపల మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది.

3. క్యాబినెట్ పక్క మూత తీయండి. స్టిక్ పట్టుకునే ముందు క్యాబినెట్ లోహపు భాగాన్ని చేత్తో తాకండి. మన ఒంట్లోని స్థిర విద్యుత్తు అందులోకి పోతుంది. మనకు తెలియనంత చిన్న షాక్ కూడా చిప్‌ను పాడు చేయగలదు.

4. స్లాట్ రెండు చివర్ల ఉన్న క్లిప్పులను బయటికి నెడితే పాత స్టిక్ పైకి లేస్తుంది. అంచులు పట్టుకుని తీయండి. బంగారు రంగు పిన్నులను ముట్టుకోవద్దు.

5. స్లాట్‌లో దుమ్ము ఉంటే మెత్తని బ్రష్‌తో దులపండి. పాత స్టిక్ పిన్నులు నల్లబడితే పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి తుడిచేయండి.

6. కొత్త స్టిక్ గాడిని స్లాట్‌లోని గట్టుకు సరిచూసి, రెండు చివర్ల సమానంగా నొక్కండి. క్లిప్పులు టక్‌మని వాటంతట అవే మూసుకోవాలి. ల్యాప్‌టాప్‌లో అయితే స్టిక్‌ను ఏటవాలుగా దూర్చి, క్లిప్పులు పట్టేదాకా కిందికి వంచాలి.

మూత బిగించే ముందు ఒకసారి ఆన్ చేసి చూడండి. తెర రాకుండా బీప్ శబ్దం వస్తుంటే ఎక్కువసార్లు స్టిక్ సరిగా దిగలేదని అర్థం. మళ్లీ కేబుల్ తీసి, స్టిక్‌ను మరోసారి బిగించండి. అప్పటికీ రాకపోతే ఒక్కో స్టిక్‌నే వేసి, ఒక్కో స్లాట్‌లో పరీక్షించండి. లోపం స్టిక్‌లోనో స్లాట్‌లోనో తేలిపోతుంది.

తెర వచ్చినంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. విండోస్‌లోనే మెమరీ డయాగ్నొస్టిక్ అనే పరీక్ష ఉంది. ఒకసారి నడపండి. వాడిన స్టిక్ అయితే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టి రాత్రంతా నడిపితే ఇంకా నిశ్చింత. చెడిపోయిన ర్యామ్ ఒకేసారి ఆగిపోదు. అప్పుడప్పుడు నీలి తెర చూపుతుంది, ఫైళ్లను పాడు చేస్తుంది. విద్యార్థి ప్రాజెక్ట్ రిపోర్టు పోయాక తెలుసుకోవడం కంటే ముందే తెలుసుకోవడం మేలు.

దేనికి ఖర్చు పెట్టకూడదు?

పెంటియం 4 కాలం నాటి కంప్యూటర్లకు ర్యామ్ కొనవద్దు. ఎంత వేసినా నేటి వెబ్‌సైట్లను ఆ ప్రాసెసర్ మోయలేదు. డీడీఆర్2 వాడే కోర్ 2 డ్యుయో కంప్యూటర్లకు ఊరికే దొరికిన స్టిక్ ఉంటే వేయండి, డబ్బు పెట్టి మాత్రం కొనకండి. డీడీఆర్3 ఉన్నవాటికి ఖర్చు పెట్టడం సబబే. డీడీఆర్4 ఉన్నవాటికి సందేహమే అక్కర్లేదు.

ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి కూడా చూడాలి. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. 2023 నుంచి క్రోమ్ కొత్త వెర్షన్లు కూడా దానికి రావడం లేదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా కావాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆపై ప్రాసెసర్, టీపీఎం 2.0 ఉండాలి. మన హెచ్61 కంప్యూటర్‌కు ఆ అర్హత లేదు.

అలాంటివాటికి లినక్స్ మంచి దారి. లినక్స్ మింట్ లాంటివి ఉచితం, భద్రతా అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి, 4 జీబీ ర్యామ్‌తో హాయిగా నడుస్తాయి. మన దేశంలో సీ-డాక్ తయారు చేసిన బాస్ లినక్స్‌లో తెలుగు సహా భారతీయ భాషల సౌకర్యం ఉంది. బ్రౌజర్, లిబ్రే ఆఫీస్‌తో సరిపెట్టుకునే విద్యార్థికి తేడా పెద్దగా తెలియదు. ట్యాలీ లాంటి విండోస్ ప్రోగ్రాములు నేర్పే కేంద్రానికైతే విండోస్ నడిచే కంప్యూటర్లే కావాలి. ఏది అవసరమో ముందే అడిగి తెలుసుకోండి.

బాగు చేయడానికి వీల్లేని కంప్యూటర్‌ను దానం పేరుతో ఇంకొకరి ఇంటికి పంపకండి. దాన్ని వదిలించుకునే భారం వారి మీద పడుతుంది. అందులో సీసం లాంటి విషపదార్థాలు ఉంటాయి కాబట్టి చెత్తకుండీలోనూ వేయరాదు. గుర్తింపు పొందిన ఈ-వేస్ట్ రీసైక్లర్‌కు అప్పగించాలి.

ఇచ్చేవారు చేయగలిగినవి

కంప్యూటర్ ఇచ్చే ముందు మీ బ్యాంకు వివరాలు, ఆధార్ కాపీలు, కుటుంబ ఫోటోలు, దుకాణం లెక్కలు భద్రపరచుకుని, హార్డ్ డిస్క్‌ను పూర్తిగా తుడిపించండి. రీసైకిల్ బిన్ ఖాళీ చేసినంత మాత్రాన ఫైళ్లు పోవు. అనుమానంగా ఉంటే హార్డ్ డిస్క్ తీసి ఉంచుకుని, ఆ సంగతి చెప్పండి.

ర్యామ్ మాత్రం తీయకండి. కొందరు అది అమ్ముడవుతుందని తీసేసి డబ్బా మాత్రం ఇస్తారు. ర్యామ్ లేని కంప్యూటర్ బీప్ తప్ప ఏమీ చేయలేదు.

పవర్ కేబుల్, మానిటర్ కేబుల్ కలిపి ఇవ్వండి. తేదీ ప్రతిసారీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డ్ మీది సీఆర్2032 బిళ్ల సెల్ మార్పించండి. చాలా తక్కువ ఖర్చు. తేదీ తప్పుగా ఉంటే వెబ్‌సైట్లు భద్రతా హెచ్చరిక చూపి తెరుచుకోవు.

ఒక కాగితం మీద ప్రాసెసర్ పేరు, ర్యామ్ తరం, ఎంత ఉంది, ఎన్ని స్లాట్లు ఖాళీ, ఎప్పుడు కొన్నది అని రాసి క్యాబినెట్‌కు అంటించండి. తీసుకున్నవారికి పరీక్షలు చేసే పని తప్పుతుంది.

ఇవ్వడానికి పాత కంప్యూటర్ లేనివారు ర్యామ్ స్టిక్ ఇవ్వవచ్చు, దాని ఖర్చు ఇవ్వవచ్చు. కొత్త కంప్యూటర్‌తో పోలిస్తే అది చిన్న మొత్తమే. మూలన పడి ఉన్న యంత్రం దానితోనే మరికొన్నేళ్లు పనిచేస్తుంది. కంప్యూటర్ పని తెలిసిన యువకులు నెలకు ఒక ఆదివారం ఉదయం కేటాయిస్తే, వచ్చిన కంప్యూటర్లను పరీక్షించి, స్టిక్‌లు సర్ది, సిద్ధం చేయవచ్చు. ఆ శ్రమ కూడా విరాళమే.

ఈ వ్యాసం చదివాక చేయవలసిన మొదటి పని చిన్నది. మీ ఇంట్లోనో దుకాణంలోనో మూలనున్న ఆ కంప్యూటర్‌ను ఈ వారం ఒకసారి ఆన్ చేయండి. టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ ఎంత నిండిందో, స్లాట్ ఖాళీగా ఉందో చూడండి. ఆ రెండు సంగతులూ రాసుకుంటే దాన్ని బాగు చేయించి ఇవ్వాలా, రీసైక్లింగ్‌కు పంపాలా అన్నది తేలిపోతుంది.